ఆదివారమని ఒలింపిక్ రేసు వదులుకున్న ఎరిక్ లిడెల్.. చివరికి ఆదివారం రోజే గ్రౌండ్‌లో దిగారు! ఎందుకంటే..

తడి ఇసుక మీద తెల్ల బట్టల్లో కొందరు కుర్రాళ్లు పరిగెడుతుంటారు. స్లో మోషన్.. వెనక పియానో మ్యూజిక్. ఈ ట్యూన్ మీరు కచ్చితంగా వినే ఉంటారు. రీల్స్‌లో ఎవరైనా బస్సు వెనకాల పరిగెత్తినా, పెళ్లి భోజనాల్లో సీటు కోసం ఉరికినా ఇదే మ్యూజిక్ పెట్టేస్తారు. 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ అనే బ్రిటిష్ సినిమాలోది అది. బెస్ట్ పిక్చర్‌తో కలిపి నాలుగు ఆస్కార్లు కొట్టింది. ఆ ట్యూన్ చేసిన వాంగెలిస్‌కి కూడా ఒకటి వచ్చింది.

ఆ పరిగెత్తే కుర్రాళ్లలో ఒక పాత్ర పేరు ఎరిక్ లిడెల్. నిజంగా బతికిన మనిషి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని, ఆ రోజు దేవుడిదని చెప్పి రేసే వదులుకున్నారు. ఈ ఒక్క ముక్క చాలామందికి తెలుసు. చర్చి యూత్ మీటింగుల్లో, సండే స్కూల్ క్లాసుల్లో ఇప్పటికీ చెప్తుంటారు. కానీ కథ అక్కడితో ఆగిపోతుంది. సినిమా కూడా దాదాపు అక్కడే ఆగిపోయింది.

అసలు విషయం ఏంటంటే.. అదే ఎరిక్ లిడెల్ దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఒక ఆదివారం రోజు విజిల్ పట్టుకుని గ్రౌండ్‌లోకి వెళ్లారు. హాకీ మ్యాచ్‌కి రిఫరీగా! మరి మాట తప్పారా? లేక మొదటి నుంచీ ఆయన మనసులో ఉన్నది వేరా? ఈ రెండు ఆదివారాల మధ్య ఏం జరిగిందో చూద్దాం.

చైనాలో పుట్టిన స్కాట్లాండ్ కుర్రాడు

1902 జనవరి 16న చైనాలోని తియాన్‌జిన్‌లో పుట్టారు లిడెల్. తల్లిదండ్రులు స్కాట్లాండ్ వాళ్లు. తండ్రి జేమ్స్ లండన్ మిషనరీ సొసైటీ తరఫున అక్కడ పనిచేసేవారు. కడప, గుత్తి, విశాఖపట్నం వైపు పాత తరం క్రైస్తవ కుటుంబాలకి ఎల్ఎంఎస్ అంటే వెంటనే తెలుస్తుంది. అదే సొసైటీ.

ఆ రోజుల్లో మిషనరీల పిల్లలకి ఒక కష్టం ఉండేది. కాస్త ఊహ తెలియగానే ఇంగ్లండ్‌లో హాస్టల్లో చేర్పించి, అమ్మానాన్నలు మళ్లీ ఓడ ఎక్కేవాళ్లు. తిరిగి చూడాలంటే ఏళ్లు పట్టేది. ఎరిక్‌ని, అన్న రాబ్‌ని 1908లో లండన్‌లో మిషనరీల కొడుకుల కోసం పెట్టిన స్కూల్లో చేర్పించారు. అదే తర్వాత ఎల్తామ్ కాలేజ్ అయింది. ఎరిక్‌కి అప్పటికి ఆరేళ్లు. సిగ్గరి. పెద్దగా మాట్లాడే రకం కాదు. మాట్లాడాల్సిన అవసరం లేని చోటు గ్రౌండే కదా.. అక్కడ మాత్రం ఆగేవారు కాదు. రగ్బీ, క్రికెట్ రెండు టీములకీ కెప్టెన్ అయ్యారు.

తర్వాత ఎడిన్‌బరో యూనివర్సిటీలో సైన్స్ డిగ్రీ. అక్కడే ఆయన స్పీడ్ దేశం మొత్తానికి తెలిసింది. స్కాట్లాండ్ నేషనల్ రగ్బీ టీమ్‌కి వింగ్‌లో ఏడు మ్యాచ్‌లు ఆడారు. 1923 జూలైలో లండన్‌లో జరిగిన ఏఏఏ ఛాంపియన్‌షిప్‌లో 100 గజాలు 9.7 సెకన్లలో పరిగెత్తారు. ఆ బ్రిటిష్ రికార్డు 35 ఏళ్లు నిలిచింది. ముప్పై ఐదేళ్లు!

ఒక విషయం ఇక్కడే చెప్పుకోవాలి. లిడెల్ కథ చెప్పేవాళ్లు కొందరు ఆటంటే ఆయనకి లెక్కే లేదన్నట్టు చెప్తారు. అది నిజం కాదు. ఒలింపిక్స్ కోసమని మంచి ఫామ్‌లో ఉన్న రగ్బీనే పక్కన పెట్టేశారు. టామ్ మెకర్చర్ అనే కోచ్ దగ్గర వారాల తరబడి ట్రాక్ మీద చెమటోడ్చారు. ఓడిపోవడానికి పరిగెత్తే మనిషి కాదు.

దీనికి సాక్ష్యం కావాలంటే 1923 జూలైలోనే స్టోక్ ఆన్ ట్రెంట్‌లో జరిగిన రేసు చూడాలి. ఇంగ్లండ్, ఐర్లాండ్, స్కాట్లాండ్ మధ్య పోటీ. 440 గజాలు. మొదలైన కొన్ని అడుగులకే పక్క రన్నర్ తగిలి లిడెల్ ట్రాక్ అవతల పచ్చిక మీద పడిపోయారు. అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ. లేచారు. అప్పటికి మిగతావాళ్లు ఇరవై గజాలు ముందున్నారు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ వెళ్లి గెలిచారు. లైన్ దాటాక కుప్పకూలిపోతే ఎత్తుకెళ్లాల్సి వచ్చింది.

ఆయన పరుగు స్టైల్ చూస్తే నవ్వొస్తుంది. అప్పటి వీడియో క్లిప్స్ ఉన్నాయి, వెతికి చూడండి. తల వెనక్కి వాల్చేసి, నోరు తెరిచి, చేతులు గాల్లో కొట్టుకుంటూ.. ఇప్పుడు ఏ కోచ్ అయినా మొదటి రోజే మార్పించేస్తాడు.

గని కార్మికుల ముందు మొదటి మాట

అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంకొకటి జరిగింది. స్టేడియంలో కాదు. ఆర్మడేల్ అనే బొగ్గు గనుల ఊళ్లో. అక్కడ సువార్త సభలు పెట్టిన డీపీ థామ్సన్ అనే యువకుడికి ఒక ఇబ్బంది ఎదురైంది. మగవాళ్లెవరూ మీటింగులకి రావడం లేదు. ఆటగాడు వచ్చి మాట్లాడితే వస్తారేమో అనుకుని లిడెల్ దగ్గరికి వెళ్లి అడిగారు. లిడెల్ కాసేపు తల దించుకుని ఆలోచించి సరేనన్నారు.

అప్పటిదాకా ఆయన తన విశ్వాసం గురించి నలుగురిలో నోరు విప్పింది లేదు. ఆ రోజు కూడా అరవలేదు, ఊగిపోలేదు. దేవుడు తన జీవితంలో ఏమిటో మామూలుగా చెప్పి కూర్చున్నారు. తెల్లారేసరికి స్కాట్లాండ్ పేపర్లన్నింటిలో అదే వార్త. రగ్బీ స్టార్ బోధకుడయ్యాడని!

అక్కడి నుంచి ఆయనకి రెండు రకాల జనం తయారయ్యారు. పరుగు చూడ్డానికి వచ్చేవాళ్లు, మాట వినడానికి వచ్చేవాళ్లు. పేరు పరుగుతో వచ్చిందని, ఆ పేరుతో జనం వస్తున్నారని ఆయనకి బాగా తెలుసు. ఆ పేరును వాడుకోవడానికి వెనకాడలేదు. కానీ ఆ పేరు తనను వాడుకుంటుందా అన్న పరీక్ష ఇంకా రాలేదు.

పారిస్ షెడ్యూల్ వచ్చింది..

సినిమాలో ఏం చూపిస్తారంటే.. లిడెల్ పారిస్‌కి ఓడ ఎక్కుతుంటే ఒక రిపోర్టర్ అడుగుతాడు, 100 మీటర్ల హీట్స్ ఆదివారం అని అప్పుడే ఆయనకి తెలుస్తుంది. సీన్‌గా బాగుంటుంది. కానీ అలా జరగలేదు. షెడ్యూల్ కొన్ని నెలల ముందే వచ్చింది. లిడెల్ అప్పుడే చెప్పేశారు. పరిగెత్తనని.

ఇది ఎంత పెద్ద విషయమో ఇప్పుడు మనకి అర్థం కావడం కొంచెం కష్టం. మన దగ్గర ఆదివారం అంటేనే మ్యాచ్. కానీ ఆనాటి స్కాట్లాండ్‌లో లిడెల్ పెరిగిన లాంటి ఇళ్లలో ఆదివారం ఆట అనే మాటే లేదు. ప్రార్థన, బైబిల్, విశ్రాంతి. అంతే. అది ఆయన కొత్తగా కనిపెట్టిన నియమం కాదు, ఊహ తెలిసినప్పటి నుంచి పాటిస్తున్నదే. తేడా ఏంటంటే, ఇప్పుడు దానికి ఒలింపిక్ మెడల్ రేటు కట్టాల్సి వచ్చింది.

పైగా ఒక్క 100 మీటర్లే కాదు. ఈ ముక్క చాలామంది చెప్పరు. రెండు రిలేల ఫైనల్స్ కూడా ఆదివారమే. 4x100, 4x400 రెండింటి నుంచీ తప్పుకున్నారు. ఆ రెండింటిలో లిడెల్ లేకుండానే బ్రిటన్‌కి ఒక సిల్వర్, ఒక బ్రాంజ్ వచ్చాయి. ఆయన ఉంటే రంగు మారేదా? ఎవరూ చెప్పలేరు. కానీ నిర్ణయం ఖరీదు ఆయన ఒక్కడే కట్టలేదని, టీమ్ కూడా కట్టిందని ఒప్పుకోవాలి. పేపర్లు, అధికారులు గట్టిగానే ఒత్తిడి తెచ్చారు. దేశం కోసం ఒక్క ఆదివారం వదులుకోలేవా అన్నట్టు విమర్శలొచ్చాయి. నాకైతే ఆ విమర్శ మరీ అన్యాయం అనిపించదు. 100 మీటర్ల గోల్డ్ అంటే ఒక దేశానికి మామూలు విషయం కాదు కదా.

లిడెల్ మాత్రం వాదనకి దిగలేదు. ప్రెస్‌మీట్ పెట్టలేదు. ఆదివారం పరిగెత్తిన వాళ్ల మీద ఒక్క మాట తూలలేదు. సైలెంట్‌గా 400 మీటర్లకి ప్రాక్టీస్ మొదలుపెట్టారు.

47.6 సెకన్లు

ఈ 400 ఫైనల్ జరిగిన కొలోంబ్ స్టేడియం మనకీ తెలిసిందే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇండియా హాకీ టీమ్ స్పెయిన్‌ని ఓడించి బ్రాంజ్ కొట్టింది కదా.. ఆ గ్రౌండే. సరిగ్గా వందేళ్ల ముందు అదే మెయిన్ ఒలింపిక్ స్టేడియం.

జూలై 6 ఆదివారం 100 మీటర్ల హీట్స్ అయిపోయాయి. లిడెల్ లేరు. ఏడో తేదీన ఫైనల్‌లో టీమ్‌మేట్ హెరాల్డ్ అబ్రహామ్స్ గోల్డ్ గెలిచారు. తొమ్మిదో తేదీన 200 మీటర్లలో లిడెల్‌కి బ్రాంజ్ వచ్చింది. అమెరికన్లు షోల్జ్, ప్యాడక్ మొదటి రెండు ప్లేసులు తీసుకున్నారు.

జూలై 11, శుక్రవారం. 400 మీటర్ల ఫైనల్. లిడెల్ ఫేవరెట్ కాదు. సెమీస్‌లో అమెరికన్ హొరేషియో ఫిచ్ 47.8 సెకన్లలో పరిగెత్తి రికార్డు కొట్టారు. లిడెల్ సెమీస్ టైమ్ 48.2. పైగా ఫైనల్‌లో ఆయనకి దక్కింది అన్నింటికంటే బయటి లేన్. అక్కడ నిలబడితే మిగతావాళ్లంతా వెనకే ఉంటారు. ఎవరు ఎంత స్పీడ్‌లో వస్తున్నారో కనిపించదు.

పొద్దున హోటల్ నుంచి బయల్దేరేటప్పుడు టీమ్ మసాజర్ ఒకరు మడతపెట్టిన కాగితం చేతిలో పెట్టారు. దేవుణ్ణి ఘనపరచిన వాళ్లని దేవుడూ ఘనపరుస్తాడన్న బైబిల్ మాటను అందులో గుర్తు చేశారు. సినిమాలో ఈ కాగితాన్ని అమెరికన్ రన్నర్ షోల్జ్ ఇచ్చినట్టు మార్చేశారు.

గన్ పేలింది. లిడెల్ 400 మీటర్లని 400లా పరిగెత్తలేదు. 100లా మొదలుపెట్టారు! మొదటి 200 మీటర్లు దాదాపు 22 సెకన్లు. చూసేవాళ్లకి ఇది పిచ్చి ప్లాన్. చివరి వంద మీటర్లలో కాళ్లు బరువెక్కి ఆగిపోవడం ఖాయం అనుకున్నారు. ఆగలేదు. తల ఇంకా వెనక్కి వాలింది. చేతులు ఇంకా ఎక్కువ కొట్టుకున్నాయి. ఫిచ్ కంటే దాదాపు ఐదారు మీటర్లు ముందు లైన్ దాటారు. 47.6 సెకన్లు. ఒలింపిక్ రికార్డు. అప్పుడు వరల్డ్ రికార్డుగానే ప్రకటించారు.

చాలామంది ఇక్కడ లెక్క తేల్చేస్తారు. ఆదివారం పాటించాడు, దేవుడు గోల్డ్ ఇచ్చాడు అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి.. కొన్ని నెలల ముందు పరిగెత్తనని చెప్పినప్పుడు ఆయన చేతిలో ఈ గోల్డ్ లేదు. వస్తుందన్న నమ్మకమూ ఎవరికీ లేదు. ఫిచ్ గెలిచి ఉంటే? ఆయన నిర్ణయం మారేది కాదు. ఆ తర్వాత ఆయన జీవితంలో జరిగినవి చూస్తే ఇది ఇంకా క్లియర్‌గా అర్థమవుతుంది. ఎందుకంటే అక్కడ మెడల్స్ లేవు.

రైలెక్కేశారు

పారిస్ నుంచి తిరిగొచ్చిన కొద్ది రోజులకే ఎడిన్‌బరోలో డిగ్రీ పట్టాలు ఇచ్చే రోజు. లిడెల్ తల మీద ఆకుల కిరీటం పెట్టారు. తోటి స్టూడెంట్స్ భుజాల మీద మోసుకుంటూ వీధుల్లో ఊరేగించారు. వయసు 22. ఇప్పటి లెక్కలో అయితే బ్రాండ్ డీల్స్, యూట్యూబ్ ఛానల్, బయోపిక్.. అన్నీ లైన్లో ఉండేవి.

ఏడాది పాటు వేదాంతం చదువుకుంటూ ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. 1925 జూన్‌లో గ్లాస్గోలో స్కాటిష్ ఛాంపియన్‌షిప్‌లో చివరిసారి పరిగెత్తి, పాల్గొన్న ప్రతి రేసూ గెలిచారు. ఆ తర్వాత కొన్ని వారాలకే స్టేషన్‌లో వేలమంది సెండాఫ్ ఇస్తుండగా రైలెక్కారు. చైనాకి. పుట్టిన ఊరికి. తియాన్‌జిన్‌లోని ఆంగ్లో చైనీస్ కాలేజీలో సైన్స్ టీచర్‌గా.

అప్పటికి ఆయన వయసు 23. రన్నర్‌కి అసలైన ఏళ్లు ఇంకా ముందే ఉన్నాయి. మూడేళ్ల తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల గోల్డ్ ఎంత టైమ్‌కి వచ్చిందో తెలుసా? 47.8 సెకన్లు. లిడెల్ పారిస్ టైమ్ కంటే తక్కువ స్పీడ్. ఆయన అప్పుడు తియాన్‌జిన్‌లో పిల్లలకి కెమిస్ట్రీ చెప్తున్నారు.

అలాగని పరుగు మానేశారా? లేదు. అదే ఆయన దగ్గర నచ్చే విషయం. కాలేజీ పిల్లలతో ఆడేవారు. తియాన్‌జిన్‌లో మిన్‌యువాన్ స్టేడియం కడుతున్నప్పుడు సలహాలిచ్చారు. ఆ గ్రౌండ్ ఇప్పటికీ ఉంది. 1929లో జర్మన్ స్టార్ ఓటో పెల్ట్‌జర్ అటు వస్తే ఆయనతోనూ పోటీపడ్డారు. 400లో లిడెల్ గెలిచారు, 800లో పెల్ట్‌జర్. రేసు దొరికితే పరిగెత్తేవారు. రేసు కోసం టికెట్ కొనుక్కుని ఇంగ్లండ్ వెళ్లే పని మాత్రం పెట్టుకోలేదు.

1934లో ఫ్లోరెన్స్ మెకంజీని పెళ్లి చేసుకున్నారు. కెనడా మిషనరీల కూతురు, నర్సు చదివారు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు.

1937 నుంచి ఆయన పని టౌన్ నుంచి పల్లెకి మారింది. షియావోచాంగ్ అనే చోట. జపాన్ సైన్యం ఒకపక్క, చైనా గెరిల్లాలు ఇంకోపక్క, మధ్యలో కరువు. అన్న రాబ్ అక్కడ ఆసుపత్రిలో డాక్టర్. ఎరిక్ సైకిల్ మీద, కాలినడకన ఊళ్లు తిరిగేవారు. ఒకసారి పాడుబడ్డ గుడిలో గాయపడి పడి ఉన్న సైనికుడి గురించి తెలిసి, బండి తోలే మనిషిని ఒప్పించి వెళ్లి తెచ్చారు. దారిలో మెడ మీద కత్తివేటుతో చావుబతుకుల్లో ఉన్న ఇంకో మనిషి దొరికితే ఆయన్నీ అదే బండిలో వేసుకొచ్చారు. మొదటి మనిషి బతకలేదు. రెండో మనిషి బతికాడు. ఆయన చిత్రకారుడు. కృతజ్ఞతగా పూల బొమ్మ ఒకటి వేసిచ్చాడు.

చూడని కూతురు

1941లో పరిస్థితి చేయి దాటింది. కడుపుతో ఉన్న ఫ్లోరెన్స్‌ని, ఇద్దరు పిల్లల్ని కెనడా పంపించేశారు లిడెల్. తను తర్వాత వస్తానన్నారు. మూడో కూతురు మౌరీన్ ఆ సెప్టెంబర్‌లో టొరంటోలో పుట్టింది. ఆ పాపని ఆయన ఎప్పుడూ చూడలేదు.

నిజం చెప్పాలంటే ఈ కథలో నేను ఆగిపోయిన చోటు ఇదే. ఒలింపిక్ రేసు వదులుకోవడం మెచ్చుకోవడానికి ఈజీ. పెళ్లాం పిల్లల్ని ఓడ ఎక్కించి తను ఉండిపోవడాన్ని ఎలా చూడాలి? ఆయన పిలుపు అది అనుకోవాలా, లేక ఆ పిల్లల వైపు నుంచి చూడాలా? దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఆరేళ్లప్పుడు తనని హాస్టల్లో వదిలి అమ్మానాన్నలు వెళ్లిపోయిన పిల్లాడే ఈ మనిషి అని మాత్రం గుర్తొస్తుంది.

1943 మార్చిలో జపాన్ వాళ్లు ఆయన్ని వెయ్‌షియెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఇప్పటి వెయ్‌ఫాంగ్ సిటీ. ఒక పాత మిషన్ కాంపౌండ్‌లో పదిహేను వందల మందికి పైగా కుక్కేశారు. వ్యాపారులు, పాస్టర్లు, ఫాదర్లు, మ్యూజిక్ వాయించుకునేవాళ్లు, తాగుబోతులు.. అన్ని రకాలూ ఉన్నారు. వాళ్లతో పాటు వందల మంది పిల్లలు. వాళ్లలో చాలామంది చీఫూ అనే ఊళ్లోని మిషనరీ స్కూల్ పిల్లలు. అమ్మానాన్నలు ఎక్కడో చైనా లోపలి ప్రాంతాల్లో చిక్కుకుపోతే వీళ్లు టీచర్లతో పాటు ఈ క్యాంపుకి వచ్చి పడ్డారు.

అంటే లిడెల్‌కి ఎదురుగా వందల కొద్దీ ఆరేళ్ల ఎరిక్‌లు అన్నమాట.

విజిల్

క్యాంపులో ఆయనకి అంకుల్ ఎరిక్ అని పేరు పడిపోయింది. లెక్కలు, సైన్స్ చెప్పేవారు. బొగ్గు, నీళ్లు మోసేవారు. ముసలివాళ్ల సామాన్లు సర్దేవారు. సాయంత్రమైతే పిల్లలకి ఆటలు. విరిగిన హాకీ స్టిక్‌లకి తన దుప్పట్లు చింపి కట్లు కట్టేవారు. అదే క్యాంపులో ఉన్న లాంగ్‌డన్ గిల్కీ అనే అమెరికన్ టీచర్ తర్వాత ‘షాంటుంగ్ కాంపౌండ్’ అని పుస్తకం రాశారు. తోటి మిషనరీలను కూడా వదలకుండా ఏకిపారేసిన పుస్తకం అది. అందులో లిడెల్ పాత్ర ఒక్కటి మాత్రం, పేరు కాస్త మార్చి, పూర్తి గౌరవంతో కనిపిస్తుంది. పిల్లల కోసం చదరంగం బోర్డు మీదో, బొమ్మ పడవ మీదో వంగి ఉన్న మనిషిగా.

ఆదివారం మాత్రం ఆటలకి సెలవు. లిడెల్ పెట్టిన రూలే. ఇరవై ఏళ్ల క్రితం ఒలింపిక్స్‌కి ఏ రూలో, ఇక్కడా అదే.

కానీ క్యాంపులో ఆదివారం అంటే ఏంటి? బడి లేదు. పని లేదు. బయటికి వెళ్లే దారి లేదు. చుట్టూ గోడలు, కరెంటు తీగలు, కాపలా టవర్లు. టీనేజ్ కుర్రాళ్లకి పిచ్చెక్కిపోయేది. ఒక ఆదివారం వాళ్లే హాకీ స్టిక్‌లు పట్టుకుని గ్రౌండ్‌లోకి దిగారు. రిఫరీ లేడు. ఆట కాస్తా కొట్లాటగా మారింది.

విషయం లిడెల్ దాకా వెళ్లింది. ఇక్కడ ఆయన చేయగలిగినవి చాలా ఉన్నాయి. చూశారా, ఆదివారం ఆడితే ఇలాగే అవుతుంది అనొచ్చు. స్టిక్‌లు లాక్కుని తాళం వేయొచ్చు. అందరినీ కూర్చోబెట్టి విశ్రాంతి దినం మీద గంట ప్రసంగం చేయొచ్చు. పైగా ఆ సబ్జెక్ట్ మీద మాట్లాడ్డానికి ప్రపంచంలో ఆయన కంటే అర్హత ఎవరికుంది?

తర్వాతి ఆదివారం ఆయనే గ్రౌండ్‌లోకి వచ్చారు. విజిల్‌తో. మ్యాచ్‌కి రిఫరీగా నిలబడ్డారు.

గోల్డ్ మెడల్ కోసం వంచని రూల్ అది. కింగ్ కోసం, దేశం కోసం, పేపర్ల కోసం మార్చుకోనిది. గోల్ విషయంలో కొట్టుకున్న ఒక గుంపు కుర్రాళ్ల కోసం పక్కన పెట్టారు. గమనించాల్సింది ఏంటంటే.. తన కోసం అయితే ఆ ఆదివారమూ ఆయన ఆడలేదు. ఆడుకునేవాళ్లు కొట్టుకోకుండా చూశారు. పారిస్‌లో ఆట దేవుడి చోటులోకి వస్తోందనిపించింది, వద్దన్నారు. వెయ్‌షియెన్‌లో తన రూలే పిల్లలకి అడ్డొస్తోందనిపించింది, దాన్నీ వద్దన్నారు. ఆటకి ఏ చోటో, రూలుకి కూడా అదే చోటు. రెండూ మనుషుల తర్వాతే.

సినిమాలో ఈ సీన్ లేదు. నన్నడిగితే కొలోంబ్ ఫైనల్ కంటే ఇదే పెద్ద సీన్.

చివరి ఉత్తరం

1944 చివరికి లిడెల్ ఆరోగ్యం పాడైంది. తలనొప్పులు. ఎప్పుడూ నవ్వుతూ తిరిగే మనిషి డల్ అయిపోయారు. నడక తడబడేది. పని ఎక్కువై నరాలు బలహీనపడ్డాయని డాక్టర్లు అనుకున్నారు. 1945 ఫిబ్రవరి 21న ఫ్లోరెన్స్‌కి ఒక చిన్న ఉత్తరం పంపారు. మీద వేసుకున్న పనులు ఎక్కువయ్యాయని, డాక్టర్లు బేకరీ పనికి మారమంటున్నారని, పిల్లలకి ప్రేమ చెప్పమని. అదే సాయంత్రం ఆసుపత్రి మంచం మీద చనిపోయారు. వయసు 43. బ్రెయిన్ ట్యూమర్ అని పోస్ట్‌మార్టంలో తేలింది. ఇంకో ఆరు నెలలు ఆగితే.. ఆగస్టు 17న అమెరికన్ సైనికులు పారాచూట్లలో దిగి క్యాంపు తలుపులు తెరిచారు. ఆయన మరణవార్త ఫ్లోరెన్స్‌కి చేరడానికే నెలలు పట్టింది.

సమాధి మీద చెక్క సిలువ పెట్టారు. పేరు రాయడానికి పెయింట్ లేక బూట్ పాలిష్‌తో రాశారు.

శవపేటిక మోసినవాళ్లలో స్టీఫెన్ మెట్‌కాఫ్ అనే టీనేజర్ ఉన్నాడు. కొన్ని వారాల ముందు, గడ్డకట్టే చలిలో ఆ కుర్రాడి కాళ్లకి సరైన చెప్పుల్లేవని చూసి లిడెల్ తన రన్నింగ్ షూస్ ఇచ్చేశారు. పాతబడి, దారాలతో కుట్టి, అతుకులేసిన షూస్. ఆయన దగ్గర మిగిలినవి అవే. ఆ ముందు రోజుల్లో ఒక బైబిల్ క్లాసులో కొండమీది ప్రసంగం గురించి చర్చ వచ్చింది. శత్రువుల కోసం ప్రార్థించడం అయ్యే పనేనా అని. గోడ మీద తుపాకీ పట్టుకుని కాపలా కాస్తున్న జపాన్ సైనికుల కోసం ప్రార్థన చేయడం మొదలుపెట్టమని లిడెల్ ఆ కుర్రాళ్లకి చెప్పారు. మెట్‌కాఫ్ మొదలుపెట్టాడు.

యుద్ధం అయిపోయాక 1952లో మెట్‌కాఫ్ మిషనరీగా వెళ్లారు. జపాన్‌కి.